టేపు కింద బొట్టు

మా ఆయన్ని బావిలోకి తోసింది నేనే. ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు, నేనూ కాదనను. కాకపోతే ఒక్కసారే తోశానంటారు, అది మాత్రం పచ్చి అబద్ధం. పోయిన వేసవిలో పదకొండుసార్లు తోశాను. మొదటిసారి తోసినప్పుడు ఎదురుపొలంలో గొర్రెలు కాసుకుంటున్న దాలయ్య కర్ర పారేసి ఊళ్ళోకి పరిగెత్తాడు. పదకొండోసారికి అతనే గట్టు మీదికి వచ్చి, "ఒదినా, ఈసారి కొంచెం గట్టిగా తొయ్యి" అన్నాడు.

బావి మాదే. రాజాం అవతల మా ఊరి చివర ఎకరంపావు మెట్ట ఉంది, అందులో మా మావగారి తండ్రి తవ్వించిన నేలబావి. మండువేసవిలో కూడా పాతికడుగుల నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళ కోసమే కామేష్ సారు మా గుమ్మం ఎక్కారు.

కామేష్ సారుది విజయనగరం. ఇంజినీరు, ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మా ఊరి దగ్గర మూతపడ్డ రైసుమిల్లు గోడౌనులో షెడ్డు పెట్టారు. షెడ్డులో తయారయ్యేవి సూట్లు. పెళ్ళికొడుకులు వేసుకునేవి కావు. సముద్రం అడుగున తిరిగే సబ్‌మెరైనుకి ఏదైనా అయిపోయి పైకి లేవలేకపోతే, లోపలివాళ్ళు ఒక్కొక్కరే చిన్న గదిలోంచి నీళ్ళలోకి వచ్చి పైకి తేలాలి. అప్పుడు తొడుక్కునే సూటు అది. తల నుంచి పాదం దాకా ఒకటే తొడుగు, నారింజరంగు రబ్బరుగుడ్డ, మొహం ముందు అద్దంలాంటి ప్లాస్టిక్కు. లోపల నింపిన గాలినే పీల్చుకోవాలి, ఆ గాలే మనిషిని పైకి లాగాలి. చిన్నప్పుడు నడుముకి ఆనపకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్ళకి నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు.

షెడ్డులో మేం పదకొండుమంది ఆడవాళ్ళం. అందరం గోనెసంచుల మిల్లులో కుట్టినవాళ్ళమే. మిల్లు మూతపడ్డాక రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నాం, ఈ షెడ్డు రాగానే పరిగెత్తుకొచ్చాం. సారు మొదటిరోజే చెప్పేశారు. "ఆరు సూట్లు చేస్తున్నాం. జూన్ పన్నెండున విశాఖలో నేవీవాళ్ళు పరీక్ష పెడతారు. నెగ్గితే ఏళ్ళ తరబడి పని. ఓడితే షెడ్డుకి తాళం. మధ్యలో ఇంకేం లేదు."

తాళం అంటే మాకు తెలుసు. మా వీధిలో అప్పటికే మూడిళ్ళకి తాళాలు పడ్డాయి. ఒకళ్ళు చెన్నై, ఇద్దరు విజయవాడ, ఇటుకలూ సిమెంటూ మొయ్యడానికి. మేమూ అనుకున్నాం. షెడ్డు పోతే చెన్నై వెళ్ళిపోదాం, ఇంటరు చదువుతున్న మా దుర్గాభవానిని హాస్టల్లో పడేద్దాం అని. ఆ మాట విన్న రోజు అది అన్నం ముట్టలేదు. నాకూ సహించలేదు. పిల్లని ఒకచోటా మమ్మల్ని ఒకచోటా పెట్టుకుని బతకడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

మా ఆయన పేరు త్రినాథ్, నేను మావ అంటాను. బావి ఇవ్వమని సారు అడగ్గానే మనిషి లేచి నిలబడ్డాడు.

"నా బావిలో మనుసుల్ని ముంచుతారేటి? ఆడికేటైనా అయితే ఆ నీల్లు పంటకెట్టాలా, మానాలా?"

"ముంచడానికి కాదండీ, తేల్చడానికి," అన్నారు సారు.

"తేలడానికి సూటెందుకండి? నాను గోచీతో తేల్తాను."

"మీరంత ఈతగాడని తెలీదు. అయితే మీరే వేసుకుని చూపించండి."

అంతే, మావ పడిపోయాడు. మా ఆయనకి ఇంట్లో ఉప్పెక్కడుందో తెలీదు గానీ, ఈతగాడని ఎవరైనా అంటే చాలు, ఆస్తి రాసిచ్చేస్తాడు.

మొదటి పరీక్ష దూకుడు. గట్టు మీంచి నీళ్ళ దాకా పదిహేనడుగులు. నడుముకి రెండు తాళ్ళు కట్టాం. లోపల గాలి నిండేసరికి మనిషి గాదెంత అయ్యాడు. గట్టు మీద కూర్చుని ప్లాస్టిక్కులోంచి నావైపు చూశాడు. మాట పైకి వినపడదు, పెదాలు కదుపుతున్నాడు, చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. దూకుతాడని అయిదు నిమిషాలు చూశాను. పది నిమిషాలు చూశాను. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానాయె. తోసేశాను.

బుడుంగున మునిగి, మునిగినంత వేగంగానూ తేలి, వెల్లకిలా పడి గిరగిరా తిరిగాడు. పైకి లాగి జిప్పు తీశాక మొదటి మాట, "ఎవులే తోసినారు?" రెండో మాట, "ఓలే పద్దూ, ఒంటి మీద సుక్క తడి నేదే!" బనీను పిండి చూపించాడు. చెమట తప్ప ఏమీ లేదు.

ఏప్రిల్లో నేవీ నుంచి గంగులు వచ్చాడు. జూన్ పరీక్షలో నీళ్ళలోకి దిగేవాళ్ళలో అతనొకడు. కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. నేవీలో చేరి పదేళ్ళయినా మాట మాత్రం మన మాటే. కొలతలివ్వడానికి వచ్చి రెండురోజులు షెడ్డులోనే ఉన్నాడు. నన్ను అక్కవరస చేసుకుని అప్పా అనేవాడు, నా కేరేజీలో సగం తినేసేవాడు.

ఒక మధ్యాహ్నం మెడలో తువ్వాలు తీసి కళ్ళకి గంతలు కట్టుకున్నాడు. "సూటు నేల మీద ఎట్టండప్పా. ఎక్కడెట్టినారో నాకు సెప్పొద్దు."

"ఏటి బాబూ ఈ ఆట?"

"ఆట కాదు. లోపల కరెంటుండదు కదా."

తడుముకుంటూ సూటు పట్టుకున్నాడు. కాళ్ళు, చేతులు, తల, జిప్పు. సారు గడియారం చూస్తున్నారు. నిమిషంన్నరలో తొడిగేశాడు. మేం నవ్వుతూ మొదలెట్టినవాళ్ళం, జిప్పు చప్పుడు ఆగేసరికి ఎవరమూ నవ్వడం లేదు.

"నీకు బయ్యమెయ్యదా బాబూ?" అని అడిగాను.

"ఏస్తాదప్పా. బయ్యమేసినోడే జిప్పు సరిగ్గా ఏసుకుంటాడు." గంతలు విప్పుకుని నా కేరేజీలో వంకాయకూర వెతుక్కున్నాడు.

అతను వెళ్ళిపోయాక నా మనసు మనసులో లేదు. మూడో నంబరు సూటు అతని కొలతది. దాన్ని జతకట్టింది నేనూ మా దేముడమ్మత్తా. సారు పెట్టిన నియమాలన్నీ పాటించాం. తలకి నూనె రాసుకుని రాకూడదు, పువ్వు పెట్టుకోకూడదు, గాజులు తీసెయ్యాలి, చేతులు సబ్బుతో కడిగి తొడుగులు వేసుకోవాలి. గుడ్డ మీద పెన్నుతో చుక్క పెట్టినా ఊరుకోరు. అన్నీ సరేనన్నాను. ఒక్కటే మింగుడు పడలేదు. కొత్త నాగలికి బొట్టు పెడతాం, కొత్త బండికి పెడతాం, కొత్త మోటారుకి పెడతాం. మనిషి ప్రాణం కాసే బట్టకి పసుపు చుక్కయినా లేకుండా పంపడమేమిటి? మనసొప్పలేదు.

శుక్రవారం పూట చిన్న డబ్బాలో పసుపు పట్టుకెళ్ళాను. రబ్బరుగుడ్డ మీద నీళ్ళపసుపు నిలవదు, జారిపోతుంది. అంచేత రెండు చుక్కలు కొబ్బరినూనె కలిపాను. పైకి కనపడితే సారు కోప్పడతారు. అంచేత మెడ దగ్గర రెండు ముక్కలు కలిసేచోట, మీద టేపు అంటించే భాగంలో, ఆవగింజంత పెట్టాను. నారింజరంగు గుడ్డ మీద పసుపు కనపడదు కదా. ఆ కుర్రాణ్ణి చల్లగా చూడమని దండం పెట్టుకుని ముక్కని టేపు మిషను దగ్గరికి పంపేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

టేపు మిషను మీద ఉష ఉండేది. వేడిగాలితో టేపుని కుట్టు మీద అంటించే మిషను అది. మెడ దగ్గరా చంకల దగ్గరా గుడ్డ మెలిక తిరుగుతుంది, అక్కడ టేపు పరచడం మాలో ఎవరి వల్లా కాలేదు. ఉషకి రెండోరోజే పట్టుబడింది. ఉద్దానం వైపు పిల్ల, పాతికేళ్ళు లేవు. కిడ్నీల జబ్బుతో మొగుడు పోయాక అయిదేళ్ళ కూతుర్ని తీసుకుని మా ఊళ్ళో మేనమామ ఇంటికి వచ్చింది. మేం పదిమందిమీ ఇద్దరిద్దరం జతకట్టి ఒక్కో సూటు చేశాం. ఉషతో ఎవరూ జతకట్టలేదు. ఆరోది ఆ పిల్ల ఒక్కతే చేసుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మే నెలాఖరు. ఎండ నిప్పులు చెరుగుతోంది. మొదట్లో నమూనా సూటులో, తర్వాత గంగులుకీ మా ఆయనకీ కొలత ఒకటే కాబట్టి మూడో సూటులో, మావ అప్పటికి పదిసార్లు దిగాడు. పదకొండోసారి దూకుడూ అయింది, అడుగు పరీక్షా అయింది. అడుగు పరీక్ష అంటే ఇసక మూట పట్టుకుని బావి అడుగుకి వెళ్ళి, మూట వదిలేసి పైకి రావడం. మావ తేలాడు. ఎప్పట్లాగే చెయ్యి ఊపాడు. పైకి వచ్చి జిప్పు తీసుకుని మెడ తడుముకున్నాడు.

"సారూ, ఇక్కడ సల్లగా తగిలినాది."

బనీను కాలరు తడిసింది. చెమట కాదు, చల్లటి నీళ్ళు. సూటు బోర్లిస్తే గ్లాసుడు పైనే వచ్చాయి.

షెడ్డులో గాలి కొట్టి, కుట్ల మీద సబ్బునురుగు రాసి చూశారు సారు. మెడ దగ్గర ఒకేచోట బుడగ లేస్తోంది. లేస్తోంది, పగులుతోంది, మళ్ళీ లేస్తోంది. సరిగ్గా ఎక్కడో నాకు చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"మెడ టేపులన్నీ ఎవరు వేశారు?" అన్నారు సారు.

అందరి కళ్ళూ ఉష మీదికి తిరిగాయి. నా కళ్ళూ తిరిగాయి.

"నాను జాగర్తగానే ఏసినాను సారూ," అంది ఉష.

సారు చెడ్డమనిషి కాదు. కానీ ఆరోజు మొహం నల్లబడిపోయింది. "పద్నాలుగు రోజులే ఉన్నాయి. ఉషా, రేపటినుంచి నువ్వు మిషను ముట్టుకోకు. కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉండు, కబురు చేస్తాను. మెడ మీద పైనుంచి ఇంకో టేపు వేసేద్దాం. పరీక్షకి ఆగుతుంది."

ఉష తొడుగులు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తేలు కుట్టిన దొంగలా నేను నిలబడ్డాను. ఊళ్ళో నా నోటికి జడవని మనిషి లేడు, అవసరమైన రోజున అది పని చెయ్యలేదు.

ఇంటికెళ్ళేసరికి మావ బెండమడి దగ్గర ఉన్నాడు. గట్టు మీద కూలబడి మొత్తం చెప్పేశాను. పసుపు, నూనె, టేపు, ఉష, అంతా. కోప్పడతాడనుకున్నాను. నవ్వుతాడనుకున్నాను.

"సారు ఇంకో టేపేస్తానన్నాడు కదే," అన్నాడు.

"అన్నాడు. పరీచ్చకి ఆగుతాదంట. నాను సెప్పినానంటే అన్నీ ఇప్పాల. పద్నాలుగు రోజుల్లో అవుతాదా? అవ్వకపోతే తాలమే. చెన్నై ఎల్లాల. గుంటని హాస్టల్లో ఎట్టాల."

మావ పార పక్కన పెట్టాడు. "నీరు ముందల సన్నంగా వస్తాదే. మెడకాడ దారంలాగ. అడుగున తెలిసినాది నాకు. పైకి సూసినాను. బావి నోరు కనబడినాది, నువ్వు కనబడినావు. ఏటవుతాదిలే అనుకున్నాను. ఆ గంగులికి ఏటి కనబడతాదే? ఆలకి పైన ఏటీ కనబడదు."

పార తీసుకుని మళ్ళీ పాదుల్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. సారు టేపుచుట్ట చేతిలో పట్టుకుని ఉన్నారు. అందరూ వచ్చేశారు, ఉష తప్ప.

"సారూ, ఆ టేపు ఎయ్యొద్దు. తప్పు ఉషది కాదు, నాది." చెప్పేశాను. నూనె దగ్గరికి వచ్చేసరికి సారు చేతిలో టేపు కింద పడింది.

"నూనా? పద్మకుమారిగారూ, నూనె ఉన్నచోట టేపు ఎలా అంటుతుందండీ! తలకి రాసుకోవద్దని మూణ్ణెల్లనుంచీ నేను మొత్తుకుంటున్నది దేనికి?"

"తలకి రాసుకోనేదు సారూ."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఒక్క బొట్టేనా?"

"ఒక్కటే. మూడోదానికి."

అప్పుడు మా దేముడమ్మత్త, అరవైకి దగ్గరపడ్డ మనిషి, మెల్లిగా గోడవైపు తిరిగింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంది. "దానికే కుడికాలి మడమకాడ నానొకటి ఎట్టినానయ్యా. దానికి తెలీదు."

"అత్తా!" అన్నాను.

"ఏటే? నువ్వెట్టగా నేంది నానెడితే తప్పా?"

ఇంక చూడండి. ఒకటో సూటుకి చంకకొకటి చొప్పున రెండు. రెండోదానికి నడుము దగ్గర జోడుబొట్లు, పైగా అవి ఆముదంతో. నాలుగోదానికి రామతీర్థం నుంచి తెచ్చిన కుంకం. అయిదోది చేసినవాళ్ళిద్దరూ ఒకరికి తెలీకుండా ఒకరు పెట్టారు, ఒకేచోట. అందరిదీ ఒకే తెలివి. జారకుండా నూనెలో కలిపి, కనపడకుండా టేపు కింద. సారు కాగితం మీద రాసుకుంటూ పోయారు. అయిదు సూట్లకి తొమ్మిది బొట్లు తేలాయి.

ఆయనకి కోపం నషాళానికి అంటింది. "చదువుకోనివాళ్ళంటే సరే, కనీసం అడగాలి కదా!" అని విసురుగా వెళ్ళి టేపు మిషను మూత ఎత్తారు, రోలరు బాగుందో లేదో చూడ్డానికి. ఎత్తినవారు ఎత్తినట్టే ఉండిపోయారు. రోలరు పక్క ఇనప అంచు మీద, ఎండిపోయి, రూపాయి బిళ్ళంత కుంకుమ. షెడ్డు తెరిచిన రోజున విజయనగరం నుంచి వచ్చి పూజ చేసిన వాళ్ళమ్మ చూడామణిగారిది. ఆవిడ ముప్పయ్యేళ్ళు సైన్సు చెప్పిన టీచరు.

సారు మూత మెల్లిగా దించారు. "సరే," అన్నారు. "పది."

దేముడమ్మత్త ఫక్కున నవ్వేసింది. సారూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. "సారూ, ఆరోది?" అన్నాను.

ఆరోదానికి గాలి కొట్టారు, నురుగు రాశారు. ఒక్క బుడగ లేదు.

ఉష వాళ్ళ మేనమామ ఇంటికి నేనే వెళ్ళాను. గుమ్మంలో కూతురికి జడ వేస్తోంది. జరిగింది చెప్పాను, రమ్మన్నాను. విన్నంతసేపూ జడ ఆపలేదు.

"ఆరోదానికి నువ్వెట్టనేదా బొట్టు?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

"నాను ఎట్టకూడదు కదప్పా," అంది. మామూలుగానే అంది. జడకి రిబ్బను ముడేసింది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పిల్ల మొగుడు పోయాడని పేరంటాలకి పిలవని మనుషులం మేం. షెడ్డులో ఆ పిల్లతో జతకట్టకపోవడానికీ అదే కారణం, పైకి అనలేదు గానీ. ఒక కుర్రాడి ప్రాణానికి మేమంతా శుభం చెయ్యబోయి చిల్లులు పెట్టాం. ఆ పిల్ల తన చెయ్యి అశుభమని వెనక్కి తీసుకుని, పని మాత్రం చేసింది. చెంపలు వాయించుకోవాలనిపించింది.

"లెగు, ఉషా. ఇయ్యాల్నించి నీ జత నాను," అన్నాను.

"నిజంగానేటి?"

"అబద్దాలాడ్డానికి ఇంత ఎండలో వస్తానేటే? బేగి రా."

ఆ పద్నాలుగు రోజులూ ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. టేపులన్నీ వేడిచేసి ఊడదీశాం. నూనె తగిలిన ముక్కలు కోసి పారేసి కొత్తవి కోశాం. కుట్టుకుట్టూ స్పిరిటుతో తుడిచాం. ఉష పక్కన నిలబడి మెలికల దగ్గర టేపు ఎలా తిప్పాలో మా అందరికీ చూపించింది. చిన్నపిల్ల కదా అని చూడకుండా దేముడమ్మత్తని కూడా కసిరేది. "అత్తా, లాగొద్దు, దాని దారిన దాన్ని పోనియ్యి." అత్త మూతి ముడుచుకుని నేర్చుకునేది. చూడామణిగారు స్వయంగా వచ్చి ఒక రోజంతా కూర్చుని మా చేతులు కడిగించారు. వెళ్ళేటప్పుడు మిషనుకి దూరంగా, తలుపు మీద బొట్టు పెట్టి వెళ్ళారు.

ఆ ఏటి ఎండలకి బావిలో నీళ్ళు రోజుకింత దిగుతున్నాయి. లోతు ఇరవై అడుగుల కంటే తగ్గితే అడుగు పరీక్షకి పనికిరావు. బెండమడికి నీళ్ళు పెట్టాల్సిన తడి వచ్చింది. మావ మోటారు పెట్టెకి తాళం వేసి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నాకిచ్చినావంటే ఏసీస్తాను. నీకాడే ఉంచు," అన్నాడు. బెండమొక్కలు మా కళ్ళముందే తలలు వాల్చేశాయి. వాటిని చూడకుండా ఉండాలని మావ చుట్టుదారిన బావి దగ్గరికి వచ్చేవాడు. ఆరు సూట్లూ వేసుకుని మళ్ళీ ఆరుసార్లు దిగాడు. ఈసారి నేను తొయ్యాల్సిన పని పడలేదు.

జూన్ పన్నెండున సారు ఉషనీ నన్నూ విశాఖ తీసుకెళ్ళారు. నేవీవాళ్ళ కొలను అంటే మా బావిలాంటిదే అనుకున్నాను. అది కొలను కాదు, నీళ్ళు నింపిన మేడ. అడుగున ఇనపగది. అందులో మనిషి ఉండగా నీళ్ళు నింపుతారు, పైన తలుపు తెరుస్తారు, మనిషి బయటికి వచ్చి తేలాలి. మేము పైఅంతస్తులో నిలబడ్డాం. లోపల జరిగేది తెర మీద కనిపిస్తోంది.

పద్ధతి చాలా సింపుల్. దిగేముందు మనిషి బనీను తూకం వేస్తారు. వచ్చాక మళ్ళీ వేస్తారు. సూటులోకి నీళ్ళు వచ్చాయో లేదో ఆ త్రాసే చెబుతుంది.

ఒకటి, రెండు, నాలుగు, అయిదు, ఆరు అయిపోయాయి. మూడోది ఆఖరికి పెట్టారు. గంగులు మాకు దూరం నుంచే చెయ్యి ఊపి దిగిపోయాడు. తెరమీద ఇనపగదిలో నారింజరంగు ముద్దలా కూర్చున్నాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా, ఛాతీ దాకా వచ్చాయి. మెడ దాకా వచ్చినప్పుడు ఉష నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. గది నిండిపోయింది. పైతలుపు తెరుచుకోలేదు. ఎంతసేపో తెరుచుకోలేదు. తర్వాత సారు చెప్పారు, పద్నాలుగు సెకన్లేనట. ఆ పద్నాలుగు సెకన్లలో నాకు చెన్నై గుర్తు రాలేదు, షెడ్డు గుర్తు రాలేదు. వాడు బయటికొస్తే చాలు దేముడా అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. తెరలో ఖాళీ గది మిగిలింది. మా ఎదురుగా నీళ్ళు పగిలాయి, గంగులు నడుము దాకా పైకెగిరి పడ్డాడు.

గట్టెక్కించి జిప్పు తీశారు. ఆఫీసరు వచ్చేలోపు నేనే అతని దగ్గరికి వెళ్ళిపోయాను, ఎవరో ఆగమంటున్నా ఆగలేదు. "బాబూ, మెడకాడ సల్లగా ఏటైనా తగిలినాదా?"

"నేదప్పా. ఎచ్చగా ఉన్నాది."

బనీను త్రాసులో పెట్టారు. ఆరు గ్రాములు తేడా వచ్చింది. ఆఫీసరు మా సారుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. సారు మావైపు తిరిగి, "చెమటట," అన్నారు. ఆఫీసరు ఆరు కాగితాల మీదా సంతకాలు పెట్టి, మొదటి విడత ఎన్ని చెయ్యగలరని అడిగాడు. సారు నోరు తెరిచేలోపు ఉష, "ఎన్ని కావాలంటే అన్ని" అనేసింది. అప్పుడు నాకు మా దుర్గాభవాని మొహం కళ్ళముందు ఆడింది. పిల్ల మా దగ్గరే ఉంటుంది. అక్కడే, అంతమంది తెల్లబట్టల ఆఫీసర్ల మధ్య, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేశాను.

సామాను సర్దుకుంటున్నారు. వచ్చినవాళ్ళు మెట్లు దిగిపోతున్నారు. గంగులు మాత్రం బనీను తీసిచ్చి, సూటు మళ్ళీ ఎక్కించేసుకున్నాడు. ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, "సార్, ఇంకోసారి దిగుతాను" అన్నాడు.

"ఎందుకు? పరీక్ష అయిపోయిందిగా?" అన్నాడాయన, తెలుగులోనే.

"ఇందాక పరీక్షకి దిగాను సార్. ఇది సరదాకి."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. మా వైపు చూశాడు. సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. గంగులు జిప్పు లాక్కుని, చిన్నపిల్లాడిలా ఇనపమెట్లు రెండేసి దిగుతూ కిందికి పోయాడు. ఉషా నేనూ కటకటాలు పట్టుకుని నీళ్ళలోకి వంగి నిలబడ్డాం.

"అప్పా," అంది ఉష, తెరవైపు చూపించి. "ఆడు నవ్వుతన్నాడు సూడు."